టికెట్టు ఖరారయ్యే గది

సభకు నమస్కారం.

న్యూజిలాండ్ స్త్రీలకు పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేసే హక్కు 1893లో వచ్చింది. స్వపరిపాలన ఉన్న ఒక దేశం స్త్రీలకు ఆ హక్కు ఇవ్వడం ప్రపంచంలో అదే మొదలు కాబట్టి, చరిత్ర పుస్తకాలన్నీ ఆ సంవత్సరాన్ని గుర్తుపెట్టుకున్నాయి. దాని తర్వాత వచ్చిన మరో రెండు సంవత్సరాలను మాత్రం ఎవరూ పెద్దగా తలుచుకోరు. స్త్రీలు పార్లమెంటుకు పోటీ చేయడానికి ఆ దేశపు చట్టం ఒప్పుకున్నది 1919లో. ఒక స్త్రీ గెలిచి ఆ సభలో అడుగుపెట్టింది 1933లో. ఓటు వేయడానికీ, ఓటు అడిగి గెలిచి కూర్చోవడానికీ మధ్య నలభై ఏళ్ళు గడిచాయి. అందులో మొదటి ఇరవై ఆరేళ్ళ సంగతి తేలికగానే అర్థమవుతుంది, అప్పుడు తలుపు మూసింది చట్టమే. చట్టం తలుపు తీసిన తర్వాత కూడా పద్నాలుగేళ్ళపాటు ఒక్కరూ లోపలికి రాలేకపోయారే, ఆ పద్నాలుగేళ్ళ గురించే నేను ఈరోజు మాట్లాడదలచుకున్నాను. ఎందుకంటే ప్రపంచంలో చాలా దేశాలు ఇప్పటికీ ఆ పద్నాలుగేళ్ళలోనే బతుకుతున్నాయి. అక్కడ చట్టం అడ్డుచెప్పదు, రాజ్యాంగం సమానత్వం ప్రకటిస్తుంది, అయినా సభలో కుర్చీల వరుసలు చూస్తే ఎక్కువగా మగవాళ్ళే కనబడతారు.

బీజింగ్‌లో ఐక్యరాజ్యసమితి మహిళా సదస్సు జరిగిన 1995 నాటికి ప్రపంచంలోని పార్లమెంటులన్నిటిలో కలిపి స్త్రీల వాటా సుమారు 11 శాతం. ఇప్పుడది 27 శాతం దగ్గర ఉంది. ముప్పై ఏళ్ళ శ్రమకు దక్కిన ఫలితాన్ని నేను తక్కువ చేయను, దాని వెనక ఎంతమంది ఎన్ని అవమానాలు దిగమింగారో కొంత తెలిసినదాన్ని. కానీ జనాభాలో సగమున్న వాళ్ళు నలుగురిలో ఒకరిగానే సభకు చేరుతున్నప్పుడు, మిగతావాళ్ళు దారిలో ఎక్కడ ఆగిపోతున్నారని అడగక తప్పదు.

ఈ ప్రశ్నకు రాజకీయ పార్టీల నాయకులు ఇచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే: మేం ఇవ్వడానికి సిద్ధమే, జనం ఆడవాళ్ళకు ఓటు వేయరు. ఈ జవాబును పరీక్షకు పెట్టి చూసినవాళ్ళున్నారు. అమెరికాలో దశాబ్దాల ఎన్నికల ఫలితాలను విశ్లేషించిన రాజనీతి శాస్త్రవేత్తలకు తేలిందేమిటంటే, ఒకే రకమైన స్థానంలో, ఒకే రకమైన పరిస్థితిలో బరిలోకి దిగినప్పుడు స్త్రీలు దాదాపు పురుషులతో సమానంగానే గెలుస్తున్నారు. ఓటరు మనసులో వివక్ష లేదని కాదు, దాని దగ్గరికి తర్వాత వస్తాను. కానీ ఓటరు చేతికి బ్యాలెట్ అందేసరికే అసలు వడపోత ముగిసిపోయి ఉంటుంది. ఓటరు తిరస్కరించే అవకాశం కూడా రాకముందే చాలామంది స్త్రీల పేర్లు రాలిపోతాయి. అవి రాలిపోయే చోటు ఒక గది. టికెట్టు ఖరారయ్యే గది.

అటువంటి గదిలో ఒకసారి ఒక మూల కుర్చీలో కూర్చుని చూసే అవకాశం నాకు వచ్చింది. ఆ పార్టీ పేరు చెప్పను, ఏ పార్టీ అయినా పెద్ద తేడా ఉండేది కాదు. బల్ల మీద పేర్ల జాబితా ఉంది, దాని చుట్టూ తొమ్మిది మంది, అందులో స్త్రీ ఒక్కరూ లేరు. మగవాడి పేరు చదివినప్పుడు వచ్చే ప్రశ్నలు రెండే: ఎంత పెట్టుకోగలడు, వెనక ఎంతమంది ఉన్నారు. ఆ తర్వాత ఒక స్త్రీ పేరు వచ్చింది. పన్నెండేళ్ళుగా ఆ పార్టీ జెండా మోసిన మనిషి, ఆ ప్రాంతంలో ప్రతి వీధీ ఆమెకు తెలుసు. ఆమె పేరు చదవగానే పడిన మొదటి ప్రశ్న, "ఆయన ఒప్పుకున్నాడా?" ఆయనంటే భర్త. రెండో ప్రశ్న, పిల్లలు ఎంతవాళ్ళని. అంతలో ఒక పెద్దమనిషి ఎంతో దయగా, "మంచావిడ, పాపం, ఈ రొచ్చులోకి ఎందుకు లాగడం" అన్నాడు. ఎవరూ ఆమెను తిట్టలేదు, ఎవరూ ఆమె పనిని తప్పుపట్టలేదు. ఆమె పేరు పక్కన పెన్సిలుతో ఒక ప్రశ్నార్థకం పడింది, జాబితా ముందుకు సాగిపోయింది. సాయంత్రానికి మిగతా పేర్ల పక్కన గుర్తులు చాలాసార్లు మారాయి. ఆ ప్రశ్నార్థకం మాత్రం మారలేదు.

నేను ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. లింగవివక్ష అనగానే మనకు కేకలు, వెక్కిరింతలు, బూతులు గుర్తుకొస్తాయి. ఆ గదిలో అవేవీ లేవు. అక్కడ వివక్ష జాలి రూపంలో ఉంది, అలవాటు రూపంలో ఉంది, ఒకరికి వేసిన ప్రశ్న మరొకరికి వేయకపోవడంలో ఉంది. దాన్ని నిరూపించమంటే ఏ కోర్టులోనూ నిరూపించలేం. ఆ గదికి తలుపులు మూసి ఉంటాయి, అక్కడ జరిగినదానికి మినిట్స్ ఉండవు, ఎవరికి ఎందుకు ఇవ్వలేదో చెప్పాల్సిన బాధ్యత ఎవరికీ లేదు.

స్త్రీలు తమంతట తామే ముందుకు రారన్న మాట కూడా తరచుగా వినిపిస్తుంది. జెనిఫర్ లాలెస్, రిచర్డ్ ఫాక్స్ అనే అమెరికన్ పరిశోధకులు ఇదే విషయం మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. సాధారణంగా రాజకీయాల్లోకి మనుషులు వచ్చే వృత్తులను, అంటే న్యాయవాదులను, వ్యాపార నిర్వాహకులను, విద్యావేత్తలను, ఉద్యమ కార్యకర్తలను తీసుకుని, ఒకే స్థాయి అర్హతలున్న స్త్రీపురుషులను పోల్చి చూశారు. అర్హత సమానంగా ఉన్నా, పదవికి తాను తగినదాన్నని అనుకునే స్త్రీలు తక్కువగా కనబడ్డారు. ఇక్కడితో ఆగిపోతే తప్పు స్త్రీలదేనని తేలుతుంది, చాలామంది ఇక్కడే ఆగిపోతారు కూడా. కానీ అదే పరిశోధనలో రెండో సగం ఉంది. పోటీ చేయమని పార్టీ నాయకులో, పదవుల్లో ఉన్నవాళ్ళో వచ్చి అడగడం స్త్రీల విషయంలో తక్కువగా జరుగుతోంది. అలా అడిగినప్పుడు మాత్రం స్త్రీలు కూడా పోటీ గురించి గట్టిగా ఆలోచిస్తున్నారు. ఆత్మవిశ్వాసం పుట్టుకతో వచ్చే గుణం కాదు, అది చాలావరకు ఎదుటివాళ్ళు మనల్ని ఎలా చూస్తారన్నదాని మీద ఆధారపడుతుంది. మగపిల్లవాడు బాగా మాట్లాడితే నాయకుడవుతాడని పదేళ్ళ వయసులోనే అంటారు. అదే మాటతీరున్న ఆడపిల్లను నోరు తగ్గించుకోమంటారు. ఇరవై ముప్పై ఏళ్ళు ఆ మాట విన్న మనిషిని పిలిచి, మీరే ఎందుకు ముందుకు రాలేదని అడగడం న్యాయం కాదు.

డబ్బు సంగతి చెప్పాలి. ఎన్నికల్లో డబ్బు ఎంత కావాలన్నదానికంటే ఎప్పుడు కావాలన్నదే స్త్రీలను ఎక్కువగా దెబ్బతీస్తుంది. మొదట్లో చేతిలో కొంత ఉన్నవాడిని చూసి గెలిచే మనిషి అనుకుని మిగతావాళ్ళు ఇస్తారు. మొదటి రూపాయి పుట్టని మనిషికి వందో రూపాయి ఎప్పటికీ రాదు. అమెరికాలో 1985లో డెమొక్రటిక్ పార్టీ మహిళా అభ్యర్థుల కోసం మొదలైన ఎమిలీస్ లిస్ట్ అనే సంస్థ ఈ కిటుకును పట్టుకుంది. ఎమిలీ మనిషి పేరు కాదు. తొలిదశలో అందే డబ్బు పిండిని పొంగించే ఈస్ట్ వంటిదన్న ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలను కూర్చి పెట్టుకున్న పేరది. మరుసటి ఏడాదే బార్బరా మికుల్‌స్కీ సెనేట్‌కు గెలిచింది. భర్త ఖాళీ చేసిన స్థానంలోకి కాకుండా, సొంతంగా సెనేట్‌కు ఎన్నికైన మొదటి డెమొక్రటిక్ మహిళ ఆమె.

భర్త ఖాళీ చేసిన స్థానం అన్నాను. స్త్రీల రాజకీయ చరిత్రలో ఈ మాట పదేపదే ఎదురవుతుంది. ఇందాక చెప్పిన న్యూజిలాండ్ మహిళ పేరు ఎలిజబెత్ మెక్‌కూంబ్స్. ఆమె 1933లో గెలిచింది భర్త మరణంతో వచ్చిన ఉప ఎన్నికలో, ఆయన స్థానమైన లిటెల్టన్ నుంచే. బ్రిటన్‌లో 1919లో హౌస్ ఆఫ్ కామన్స్‌లో కూర్చున్న మొదటి మహిళ నాన్సీ ఆస్టర్, భర్త ప్రభువుల సభకు వెళ్ళాల్సి రావడంతో ఖాళీ అయిన స్థానంలో పోటీ చేసింది. ప్రపంచంలోనే మొదటి మహిళా ప్రధానమంత్రి సిరిమావో బండారనాయకే 1960లో ఆ పదవికి వచ్చింది, ప్రధానిగా ఉన్న భర్త హత్యకు గురైన మరుసటి ఏడాది. వీళ్ళను చిన్నచూపు చూడడం నా ఉద్దేశం కాదు. మెక్‌కూంబ్స్ అంతకుముందే క్రైస్ట్‌చర్చ్ నగర మండలిలో ఏళ్ళపాటు పనిచేసిన మనిషి, పార్లమెంటుకు రెండుసార్లు పోటీ చేసి ఓడిన మనిషి. సిరిమావో మూడు విడతలు ప్రధానిగా పాలించింది. నన్ను బాధించేది వేరే విషయం. అంత సమర్థులకు కూడా తలుపు తెరుచుకున్నది భర్త చనిపోతేనో, తప్పుకుంటేనో తప్ప కాదు. కుటుంబం పేరు ఆ గదిలోని ప్రశ్నలన్నిటికీ ఒకేసారి జవాబు చెప్పేస్తుంది: ఒప్పుకున్నాడా అని అడగనక్కరలేదు, డబ్బు గురించి అడగనక్కరలేదు, వెనక ఎవరున్నారని అడగనక్కరలేదు. అలాంటి ఇంటి పేరు లేని స్త్రీ సంగతేమిటన్నదే ప్రజాస్వామ్యానికి అసలు పరీక్ష.

ఆ పరీక్షలో నెగ్గిన పేరు ఒకటి చెబుతాను. 1975 అక్టోబర్ 24న ఐస్‌లాండ్ స్త్రీలలో దాదాపు తొంభై శాతం మంది ఉద్యోగాలు, ఇంటిపని, పిల్లల సంరక్షణ అన్నీ ఒక రోజు మానేశారు. తండ్రులు పిల్లలను వెంటబెట్టుకుని ఆఫీసులకు వెళ్ళారు. ఆ తర్వాత ఐదేళ్ళకు, 1980లో, విగ్దీస్ ఫిన్‌బొగదోత్తిర్ ముగ్గురు మగ అభ్యర్థులను ఓడించి ఆ దేశాధ్యక్షురాలైంది. ప్రజలు నేరుగా ఓటు వేసి దేశాధ్యక్ష పదవికి ఎన్నుకున్న మొదటి మహిళ ఆమె. విడాకులు తీసుకుని, ఒంటరిగా ఒక కూతుర్ని దత్తత చేసుకుని పెంచుతున్న మనిషి. ఏ భర్త స్థానమూ ఆమెకు ఖాళీ అవలేదు. పదహారేళ్ళు ఆ పదవిలో ఉంది.

గెలిచాక కష్టాలు తీరిపోతాయనుకుంటే పొరపాటు. పిల్లలు లేని స్త్రీని పిల్లలు లేరని, ఉన్న స్త్రీని పిల్లల్ని వదిలేసిందని అంటారు. ఆస్ట్రేలియాలో, తర్వాత ప్రధానమంత్రి అయిన జూలియా గిలార్డ్‌ను ఒక సెనేటర్ 2007లో, కావాలని గొడ్రాలిగా ఉండిపోయిన మనిషి దేశాన్ని నడపడానికి పనికిరాదన్న అర్థంలో బహిరంగంగా మాట్లాడాడు. న్యూజిలాండ్‌లో జసిండా ఆర్డెర్న్ 2017లో తన పార్టీ నాయకురాలైన కొన్ని గంటల్లోనే టీవీలో ఆమెకు ఎదురైన ప్రశ్న, పిల్లల్ని కనే ఆలోచన ఉందా అని. టోక్యో నగర అసెంబ్లీలో 2014లో అయాకా షియోమురా అనే సభ్యురాలు గర్భిణులకూ బాలింతలకూ అందాల్సిన సాయం గురించి మాట్లాడుతుండగా, ముందు నువ్వు పెళ్ళి చేసుకో అని పురుష సభ్యుల వరుసల్లోంచి కేకలు వేశారు. మూడు చోట్లా అడ్డుపడింది ఆమె విధానం కాదు, ఆమె గర్భం.

సభా భవనాలూ నియమాలూ కూడా ఎవరిని దృష్టిలో పెట్టుకుని తయారయ్యాయో చెప్పకనే చెబుతాయి. అమెరికా ప్రతినిధుల సభలో సభ్యురాళ్ళకు సభామందిరం పక్కనే మరుగుదొడ్డి ఏర్పాటైంది 2011లో, ఆ సభలో మొదటి మహిళ అడుగుపెట్టిన తొంభై నాలుగేళ్ళకు. కెన్యాలో 2019లో జులేఖా హసన్ అనే ఎంపీ, బిడ్డను చూసుకునే ఏర్పాటు కుదరక, ఐదు నెలల పాపను ఎత్తుకుని సభలోకి వస్తే బయటికి పంపేశారు. అమెరికా సెనేటర్ టామీ డక్‌వర్త్ 2018 ఏప్రిల్‌లో ప్రసవించింది. పదవిలో ఉండగా ప్రసవించిన సెనేటర్ అంతకుముందు ఎవరూ లేరు. సెనేట్‌లో ఓటు వేయాలంటే సభ్యులు స్వయంగా రావాలి, పిల్లల్ని లోపలికి తేకూడదు. ఈ రెండు నియమాల మధ్య బాలింత ఏం చేయాలన్నది రెండు శతాబ్దాలకు పైగా ఎవరూ ఆలోచించలేదు, ఆలోచించే అవసరం రాలేదు. నియమం సవరించారు. మర్నాడు, ఇరాక్ యుద్ధంలో రెండు కాళ్ళూ పోగొట్టుకున్న ఆ సెనేటర్ చక్రాల కుర్చీలో, పది రోజుల పసికందును ఒడిలో పెట్టుకుని సభలోకి వచ్చి, బొటనవేలు కిందికి చూపి వ్యతిరేక ఓటు వేసింది. నియమం మార్చడానికి ఒక్క తీర్మానం చాలింది. కానీ మార్చమని అడిగే మనిషి ముందు లోపల ఉండాలి.

హింస గురించి నేను గొంతు పెంచకుండా మాట్లాడడానికి ప్రయత్నిస్తాను. వివిధ దేశాల పార్లమెంటుల ఉమ్మడి సంస్థ అయిన అంతర్ పార్లమెంటరీ యూనియన్ 2016లో 39 దేశాలకు చెందిన 55 మంది మహిళా ఎంపీలతో మాట్లాడింది. పదిమందిలో ఎనిమిది మందికి పైగా మానసిక హింస ఎదుర్కొన్నామన్నారు. చంపుతామనో, అత్యాచారం చేస్తామనో, కొడతామనో, ఎత్తుకుపోతామనో బెదిరింపులు వచ్చాయని 44 శాతం మంది చెప్పారు. బొలీవియాలో హువానా కిస్పే అనే స్థానిక మండలి సభ్యురాలిని రాజీనామా చేయమని నెలల తరబడి వేధించారు, సమావేశాలకు రానివ్వలేదు, 2012 మార్చిలో ఆమె హత్యకు గురైంది. రాజకీయాల్లో స్త్రీల మీద జరిగే వేధింపులను, హింసను నేరంగా ప్రకటించే చట్టం ఆ దేశంలో ఏళ్ళుగా ముసాయిదాగానే పడి ఉంది. ఆమె మరణించిన మూడు నెలల్లోపే అది ఆమోదం పొందింది. ఇటువంటి చట్టానికి ఒక ప్రాణం ఖరీదుగా చెల్లించాల్సి వచ్చిందన్న సంగతి నేను ఎన్నిసార్లు చెప్పినా నా నోట అలవాటు మాట కాలేదు.

ఇక దారి ఏమిటన్న విషయానికి వస్తాను. కోటాల గురించి వాదోపవాదాలు చాలా విన్నాం. కోటా పెట్టాలా వద్దా అన్నదాని దగ్గరే మన చర్చలన్నీ ఆగిపోతున్నాయని నా అభిప్రాయం. కోటా చట్టంలోని వాక్యాన్ని ఎలా రాశారన్నది అంతకంటే ముఖ్యమైన ప్రశ్న, ఎందుకంటే ఆ గదిలో కూర్చున్నవాళ్ళు చట్టాన్ని చాలా జాగ్రత్తగా చదువుతారు.

ఫ్రాన్స్‌ను చూడండి. స్త్రీపురుష అభ్యర్థులు సరిసమానంగా ఉండాలని 2000లో చట్టం చేశారు. పార్లమెంటు ఎన్నికలకు సంబంధించి, సమానంగా నిలబెట్టని పార్టీకి ప్రభుత్వం ఇచ్చే నిధుల్లో కోత పెడతామన్నారు. పెద్ద పార్టీలు లెక్క వేసుకుని, కోతే నయమనుకున్నాయి. 2002 ఎన్నికల్లో 577 స్థానాల్లో స్త్రీలు గెలిచింది 71, అంతకుముందు ఉన్నది 63. పట్టణ మండళ్ళ ఎన్నికల్లో ఓటు ఒక్క అభ్యర్థికి కాదు, పేర్ల జాబితాకు వేస్తారు, వచ్చిన ఓట్లను బట్టి జాబితాలో పైనుంచి పేర్లు గెలుస్తాయి. అదే చట్టంలో ఆ ఎన్నికలకు రాసిన వాక్యం వేరు: సమానంగా లేని జాబితాను అధికారులు స్వీకరించరు. 2001లో ఆ మండళ్ళలో స్త్రీలు దాదాపు సగమయ్యారు. ఒకే దేశం, ఒకే చట్టం, అవే పార్టీలు, ఒక్క ఏడాది తేడా. జరిమానా కట్టి తప్పించుకునే వీలున్నచోట సమర్థులైన స్త్రీలు దొరకలేదు, తప్పించుకునే వీలులేనిచోట వేలమంది దొరికారు.

పార్లమెంటు ఎన్నికల్లోనూ జాబితాలకే ఓటు వేసే అర్జెంటీనా 1991లో ముప్పై శాతం కోటా తెచ్చినప్పుడు, గెలిచే అవకాశమున్న స్థానాల్లోనే స్త్రీలను పెట్టాలని చట్టంలోనే రాసుకుంది. జాబితా అడుగున పేర్లు చేర్చి చేతులు దులుపుకునే పార్టీల సంగతి తెలిసినవాళ్ళు రాసిన వాక్యమది. ట్యునీషియాలో 2011లో జాబితాల్లో స్త్రీ పురుషుల పేర్లు ఒకటి విడిచి ఒకటి ఉండాలన్నారు. వినడానికి నిర్దుష్టంగా ఉంది. కానీ ఎక్కువ జాబితాలకు దక్కేది ఒకటో రెండో స్థానాలు, దాదాపు అన్ని జాబితాల తలమీదా మగ పేరే. అందువల్ల అభ్యర్థుల్లో సగమైన స్త్రీలు సభలో నాలుగోవంతు దగ్గర ఆగిపోయారు. 2018 స్థానిక ఎన్నికలకు జాబితా శీర్షాలను కూడా సగం సగం చేయమన్నారు, స్త్రీల వాటా 47 శాతానికి చేరింది.

మెక్సికో కథ అన్నిటికంటే నేర్పుతుంది. అక్కడ ప్రతి అభ్యర్థికీ ఒక ప్రత్యామ్నాయ అభ్యర్థి ఉంటారు, గెలిచినవాళ్ళు తప్పుకుంటే ప్రత్యామ్నాయం సభలోకి వస్తారు. 2009లో కోటా ప్రకారం గెలిచిన మహిళా సభ్యుల్లో పలువురు, సభ మొదలవగానే సెలవు కోరుతూ ఉత్తరాలిచ్చారు. వాళ్ళ ప్రత్యామ్నాయాలందరూ మగవాళ్ళు, కొందరికి వాళ్ళు భర్తలో బంధువులో కూడా. పత్రికలు ఆ మహిళలకు, పేరుకే గెలిచి తప్పుకునేవాళ్ళన్న అర్థంలో, హువానీతాలని పేరు పెట్టి నవ్వాయి. నవ్వాల్సింది ఆ మహిళలను చూసి కాదని అర్థం చేసుకున్నవాళ్ళు కోర్టుకు వెళ్ళారు. వేర్వేరు పార్టీల స్త్రీలు చేతులు కలిపి వేసిన వ్యాజ్యంలో, కోటా అభ్యర్థికి ప్రత్యామ్నాయం కూడా స్త్రీయే కావాలని ఎన్నికల న్యాయస్థానం 2011లో తీర్పు ఇచ్చింది. ఒక్క వాక్యంతో ఆ దొడ్డిదారి మూసుకుపోయింది. 2014లో సమాన వాటా రాజ్యాంగంలోకి ఎక్కింది, 2021కి ప్రతినిధుల సభలో స్త్రీలు సగమయ్యారు, 2024లో క్లాడియా షేన్‌బామ్ దేశాధ్యక్షురాలైంది.

సంఖ్యలు చూసి మోసపోకూడదని కూడా చెప్పాలి. రువాండా పార్లమెంటులో స్త్రీలు అరవై శాతానికి పైగా ఉన్నారు, 2008లో స్త్రీలు అధిక సంఖ్యాకులైన మొదటి పార్లమెంటు అది. ఆస్తిహక్కుల విషయంలోనూ, స్త్రీలపై హింస విషయంలోనూ వాళ్ళు తెచ్చిన చట్టాలకు విలువ ఉంది. అయితే ప్రభుత్వాన్ని గట్టిగా ఎదిరించే స్వేచ్ఛ ఏ సభ్యుడికీ లేని సభలో ఎన్ని కుర్చీలు దక్కినా అవి కుర్చీలే.

ప్రతిభ మాటేమిటని ఎవరో ఒకరు అడుగుతారు, కాబట్టి చెబుతున్నాను. స్వీడన్‌లో సోషల్ డెమొక్రటిక్ పార్టీ 1990 దశకంలో తన జాబితాల్లో స్త్రీ పురుషుల పేర్లను ఒకటి విడిచి ఒకటి పెట్టాలని నిర్ణయించుకుంది. నలుగురు ఆర్థికవేత్తలు ఆ నిర్ణయానికి ముందూ తర్వాతా స్థానిక ప్రతినిధుల సామర్థ్యాన్ని కొలిచి చూశారు. స్త్రీల సామర్థ్యం తగ్గలేదు, మగ ప్రతినిధుల సగటు సామర్థ్యం పెరిగింది. స్థలం తగ్గేసరికి బయటికి పోయినవాళ్ళలో ఎక్కువమంది అంతంతమాత్రపు మగవాళ్ళు. అన్నాళ్ళూ ప్రతిభకు అడ్డుగా ఉన్న కోటా ఏదో దానితో తెలిసిపోయింది.

భారతదేశంలో చట్టసభల్లో మూడోవంతు స్త్రీలకు కేటాయించే బిల్లు మొదట లోక్‌సభ ముందుకు వచ్చింది 1996లో. రాజ్యాంగ సవరణగా నెగ్గింది 2023 సెప్టెంబర్‌లో, లోక్‌సభలో 454 మంది అనుకూలంగా, ఇద్దరు వ్యతిరేకంగా ఓటు వేశారు. ఆ తర్వాత జరిగే జనగణన, దాని ఆధారంగా నియోజకవర్గాల పునర్విభజన పూర్తయ్యాకే అమలవుతుందన్న షరతు ఆ సవరణలోనే ఉంది. సరే, చట్టం ఆగింది. టికెట్టు ఇవ్వడానికి పార్టీలకు చట్టం అక్కరలేదు కదా? మరుసటి ఏడాది ఎన్నికల్లో నిలబడిన అభ్యర్థుల్లో స్త్రీలు దాదాపు పదోవంతు. 2019లో 78 మంది గెలిస్తే 2024లో 543 స్థానాల్లో 74 మంది. ఓటు వేసి ఆమోదం తెలిపిన పార్టీలే ఆ గదిలోకి వెళ్ళాక పాత ప్రశ్నలే వేసుకున్నాయి.

ఓటరు మనసు దగ్గరికి వస్తానని చెప్పాను. 1990ల నుంచి గ్రామ పంచాయతీల్లో మూడోవంతు అధ్యక్ష స్థానాలు స్త్రీలకు కేటాయించి, ఏ ఊరికి ఎప్పుడు వస్తుందన్నది వంతులవారీగా మార్చే పద్ధతి వల్ల పశ్చిమ బెంగాల్‌లో పరిశోధకులకు అరుదైన అవకాశం దొరికింది. ఎస్తర్ దుఫ్లో అనే ఆర్థికవేత్త, ఆమె సహచరులు ఒక నాయకుడి ప్రసంగాన్ని అక్షరం మారకుండా ఒకసారి మగ గొంతుతో, ఒకసారి ఆడ గొంతుతో రికార్డు చేసి ఊళ్ళలో వినిపించారు. స్త్రీ ఎప్పుడూ అధ్యక్షురాలు కాని ఊళ్ళలో మగవాళ్ళు ఆడ గొంతుకు తక్కువ మార్కులు వేశారు. అవే మాటలు, అదే ప్రసంగం. స్త్రీ పాలన చూసిన ఊళ్ళలో ఆ తేడా కనబడలేదు. ఆ పరిశోధనలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన సంగతి మరొకటి ఉంది: స్త్రీ పాలన చూసిన ఊళ్ళలో కూడా మగవాళ్ళను నీకు ఎలాంటి నాయకత్వం ఇష్టమని అడిగితే, పురుష నాయకత్వమే ఇష్టమన్నారు. ఇష్టం మారలేదు, అంచనా మారింది. ఓటు పడడానికి అంచనా మారితే చాలు. రెండు విడతలు రిజర్వేషన్ నడిచిన చోట్ల, అది తీసేసిన తర్వాత కూడా పోటీ చేసి గెలిచే స్త్రీలు పెరిగారు.

మొదటి విడతలో గెలిచినవాళ్ళ కష్టం మాత్రం తీరలేదు. మంచినీటి వసతి స్త్రీలు పాలించిన ఊళ్ళలోనే మెరుగ్గా ఉన్నట్లు మరో అధ్యయనంలో తేలింది, లంచాలు తక్కువగా ఉన్నట్లూ తేలింది. ఆ ఊళ్ళ జనాన్ని అడిగితే మాత్రం పాలన పట్ల వాళ్ళు చూపిన తృప్తి తక్కువ. నీళ్ళు తాగారు, మార్కులు వేయలేదు.

అవే బెంగాల్ ఊళ్ళకు పరిశోధకులు మళ్ళీ వెళ్ళారు, ఈసారి పిల్లల సంగతి చూడడానికి. రెండు విడతలు స్త్రీ పాలించిన ఊళ్ళలో ఆడపిల్లలకూ మగపిల్లలకూ మధ్య చదువులో ఉన్న తేడా చెరిగిపోయింది. ఆడపిల్లలు రోజులో ఇంటిపని మీద వెచ్చించే సమయం తగ్గింది. ఆ ఊళ్ళలో ఆడవాళ్ళకు ఉద్యోగ అవకాశాలు పెరిగిన దాఖలా ఏదీ పరిశోధకులకు కనబడలేదు. పంచాయతీ కార్యాలయంలో ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నారో ఆ పిల్లలు ఏళ్ళపాటు చూశారు. వాళ్ళ తల్లిదండ్రులూ చూశారు.

నమస్కారం.